రెప్పల మీద దూది

లారీ యూనియన్ ఆఫీసులో సంతాపసభ.
ఫ్లెక్సీ మీద ఇద్దర్నీ పక్కపక్కన అతికించారు.
విడివిడి ఫోటోలు కదా,
నాయన భుజం అమ్మ భుజంలోకి కాస్త దూరిపోయింది.
కలిసి దిగింది ఒక్కటీ లేదు మరి,
యాభై మూడేళ్ళలో.

"ఆదర్శ దంపతులు" అన్నాడు మైకు పట్టుకున్నాయన.
నాకు నవ్వొచ్చింది.
పులుసులో ఉప్పు దగ్గర,
దారపుండ ఎవరు పోగొట్టారన్న దగ్గర,
కనిగిరి కొండ మీద మబ్బు కురుస్తదా కురవదా అన్న దగ్గర
వాళ్ళు పోట్లాడుకోని రోజు నాకైతే గుర్తులేదు.
పోట్లాట మధ్యలోనే ఒక్క టీని
గ్లాసులో సగం, సాసర్లో సగం.
సాసరెప్పుడూ నాయనకే. ఆయనకి చల్లారింది కావాలి.

నాయన పేరు పెంటూసాయిబు.
ముందు ముగ్గురూ పురిట్లోనే పోతే
మా జేజి నాలుగోవాణ్ణి చాటలో పెట్టి
పెంటకుప్ప మీద వదిలేసి,
ఎవరి బిడ్డో దొరికినట్టు మళ్ళీ ఎత్తుకొచ్చిందంట.
"చావుకి కూడా అక్కర్లేని పేరు నాది" అనేవాడు
విల్లు తీగ బిగిస్తూ.

టంయ్... టంయ్...
పొదిలి రోడ్డులో ఆ చప్పుడుకే లేచేవాళ్ళం.
ఆయన ఏకేవాడు, మా అమ్మ దస్తగిరమ్మ కుట్టేది.
మధ్యాహ్నానికి నాయన కనుబొమ్మలు, రెప్పలు తెల్లగా,
ముప్పయ్యేళ్ళకే ముసలాడైనట్టు.
అమ్మ సూదిని జాకెట్టుకి గుచ్చుకుని దగ్గరికొచ్చి
ఒక్కో పోగే ఏరేది.
ఆ కాసేపూ
ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూళ్ళేదు.

సర్కారాసుపత్రిలో ఎవరికి కాన్పయినా
పొద్దుగూకేలోపు చిన్న బొంత ఒకటి పోయేది,
మూరన్నర పొడుగు, మూరెడు వెడల్పు.
కులం అడగలేదు, మతం అడగలేదని మైకాయన చెప్పాడు గాని
అమ్మ ఒకటడిగేది: "బరువెంత?"
తూకం తగ్గిన బిడ్డకి దూది ఇంకో గుప్పెడు.
"కొత్త దూదే పెట్టాల.
పాతదాంట్లో పెద్దోళ్ళ నిద్దర్లుంటయ్,
పసిదానికి బరువు."

పైగుడ్డ మా గౌన్లది.
ఊళ్ళో పసివాళ్ళంతా
మా అక్కచెల్లెళ్ళ పూలమీదే పడుకున్నారు.
నా పచ్చగౌను ఇంకా పొట్టవకముందే కత్తిరేస్తే
రెండ్రోజులు అన్నం ముట్టలా నేను.
ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"మొత్తం ఎన్ని వేలమ్మా?" అడిగారు సభలో, పేపర్లో వేయడానికి.
తలుపెనక గోడమీద సుద్దగీతలు గీసేది అమ్మ.
రంజాను ముందర నాయన సున్నం కొట్టేవాడు.
"నా లెక్కంతా తుడిచినావు గదయ్యా!"
"గోడన్నాక గోడలాగుండాల."
ఆ తగువూ ఏటేటా ఉండేది.
మళ్ళీ ఒకటి నుంచి.
వేలో, వందలో, ఏం చెప్పను?
తెలియదన్నాను. నిరాశపడ్డారు.

ఫోము పరుపులొచ్చాయి. విల్లు అటకెక్కింది.
ఈ ఊరి నీళ్ళకి ఇద్దరి మోకాళ్ళూ వంగాయి.
అమ్మకి కంట్లో పువ్వేసింది.
నిజంగానే నెరిసిన నాయన కనుబొమల్ని
దూదనుకుని ఏరబోయేది.
అది వెంట్రుకేనే అని ఆయన అనలేదు ఏనాడూ.
తల వంచి కూర్చునేవాడు,
ఆమె చెయ్యి అందేలా.

కఫన్ కప్పేముందు కూడా ఆ చెయ్యి అక్కడికే పోయింది.
ఆపబోయిన పెద్దలు ఆగారు.
ఆ తర్వాత అమ్మ, కందులు నూర్చేదాకా ఉంది, అంతే.

సభ అయిపోయి ఇంటికొచ్చాక
రాత్రి పదకొండింటికి ఆయా ఫోను:
"ఆడపిల్ల. కేజీ తొమ్మిదొందలు. నీకు చెప్పాలనిపించిందమ్మే."
అంతకు మించి ఏమీ అడగలేదు తను.

నాకు సరిగ్గా కుట్టడం రాదు.
పొద్దున్నే కొట్టుకి పోయి
అరకేజీ కొత్త దూది తూయించాను.
"ఎవరి పేరున రాయను?" అన్నాడు కొట్టతను
పద్దుపుస్తకం తీస్తూ.

ఇంకా పేరు పెట్టలేదన్నాను.