తొంభై పాయింట్ నాలుగు

నాకు సవర రాదు.
నాకు తెలిసిందల్లా సూది.
గొంతు పెరిగితే అది ఎర్రగీత దాకా పోతుంది,
అప్పుడు బొత్తాం కొంచెం కిందికి తిప్పుతాను.
పదకొండు నెలలుగా ఆ భాషని
ఇలాగే చదువుతున్నాను,
ఎత్తుగా, పల్లంగా.

మందస దాటి కొండెక్కే దారిలో
మూసేసిన హాస్టలు వంటగది మా స్టేషను.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత దుప్పట్లు.
వాన పడితే రేకుల చప్పుడే మొదటి వార్త.
తుపానుకి కూలిన టవరు ముక్క మా స్తంభం.
పదిహేను కిలోమీటర్లు వినబడతాం,
ఆపైన కొండ అడ్డం.

జిల్లా నుంచి కాగితం తెలుగులో వస్తుంది:
అతిసారం ప్రబలకుండా తగు జాగ్రత్తలు వహించవలెను.
పద్మిని రెండుసార్లు చదివి పక్కన పెడుతుంది.
"ఇలగ మా ఇంట్లో ఎవరు మాటాడతారు సారూ?"
కాచి చల్లార్చిన నీళ్ళు, మూడు వేళ్ళకి అందినంత ఉప్పు,
గుప్పెడు బెల్లం.
మైకు ముందు చేతులు గాల్లో కలుపుతుంటాయి.
రేడియోలో చేతులు కనబడవమ్మా అన్నాను.
"ఇనబడతాయి" అంది.

నీళ్ళకి వాళ్ళ మాట డాఅ.
నేను రాస్తే ఇలా ఉంటుంది గాని, అది ఇది కాదు.
నడుమ గొంతులో చిన్న తలుపు ఒకటి పడి
మళ్ళీ తెరుచుకోవాలి.
మన యాభై ఆరింటిలో ఆ తలుపు లేదు.
సూది మాత్రం పట్టుకుంటుంది,
సున్నాకి పడి లేస్తుంది.

హక్కు దగ్గర మూడు రోజులు ఆగిపోయాం.
ఒకరు చెప్పిన మాటకి
ఫారెస్టు గార్డు టోపీ గుర్తొస్తోందట.
బడిపంతులు ఒక పొడుగాటి మాట కట్టి ఇచ్చాడు,
ఎవరి నోట్లోనూ పట్టలేదు.
సంతకి దిగుతూ సోంబారి
చింతపండు బుట్ట మా గుమ్మంలో దించింది,
నీడ కోసం.
సంగతి విని నవ్వింది.
వేట పడ్డ రోజు
వేటకి రాని ఇంటికీ ఒక పోగు పెడతాం గదా,
కడుపుతో ఉన్నదానికి రెండు.
వాళ్ళు అడగరు, మేం ఇచ్చామనం.
ఆ పోగుకి పేరుంది. అదే చెప్పండి.

చెప్పి లేవలేదు.
మైకు వైపు చూసి పద్మినిని ఏదో అడిగింది.
ఎర్రదీపం వెలిగించాను.
ఏడు నిమిషాలు.
నాకు అందినవి మూడే:
ఆసుపత్రి, కాగితం, వేలిముద్ర.

తర్వాత పద్మిని తెలుగు చేసింది.
కోడల్ని బల్ల ఎక్కించే ముందు
ఈమె చేత వేలు వేయించారు.
దేనికో చెప్పలేదు.
ఆ పిల్లకి మళ్ళీ కడుపు పండలేదు.
నా బొటనవేలు ఏటికి ఒప్పుకుందో
ఎవరైనా నాకు చదివి చెప్తారా అని అడిగిందట.
అరవలేదు.
సూది ఎర్రగీతని తాకనేలేదు.

బుధవారం ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోను.
"మీ రేడియోలో ఏటి సెప్పీసేరండి?
ఒక్కరూ వేలు పెట్టట్లేదు.
సదవమంటన్నారు. ఆళ్ళ బాసలో సదవమంటన్నారు.
బయట నలభై మంది కూకున్నారు."
కోపంగానే ఉంది.
పెట్టేయబోయి, ఆగింది.
"ఆ గుంటని ఒకపాలి పంపగలరా?"

పద్మిని వెళ్ళింది.
సోంబారి కాగితం ఇంకా దొరకలేదు,
బీరువా తాళం వేరేవాళ్ళ దగ్గర ఉందంటున్నారు.

ఈ సాయంత్రం చదివేవాళ్ళు లేక
పాత రికార్డు పెట్టాను, నీళ్ళు కాచే పాఠం.
కుండలో చెంబు ముంచుతూ నేనూ అన్నాను,
డాఅ.
కిటికీ చువ్వలు పట్టుకున్న సోంబారి మనవడు
పడీపడీ నవ్వేడు.
"సారూ, అలగ కాదు.
మళ్ళీ."