మిగిలిన రంగు

వాల్పరైసోలో కొండెక్కే తాడుబండికి
టికెట్టు కొట్టేది నేనే. పేరు నిబాల్డో.
ఒక బండి పైకెళ్తే ఒకటి కిందికి.
నడుమ ఖాళీలో నాలుగు నిమిషాలు
నావి.

ఆ నాలుగు నిమిషాల్లోనే ఇరవై రెండేళ్ళుగా
టికెట్టు కట్టల అట్టల వెనక
ఓడలు గీస్తున్నాను.
పోయిన జూన్ వానకి గదంతా కారి
ఓడలన్నీ నిజంగానే మునిగాయి.

"కంప్యూటర్లో గీయి, తడవదు" అంది యాస్నా,
పై మలుపులో రొట్టెల కొట్టు పిల్ల.
ఆదివారం సంతలో పాత పెన్ ట్యాబ్లెట్ కొన్నాను.
ఎవరి చెయ్యో అరగదీసిన మూల
అద్దంలా మెరుస్తోంది.
ఇక కావలసింది సాఫ్ట్‌వేర్ మాత్రమే.

అదే తేలలేదు నెల రోజులు.

అందరూ మెచ్చేది నెలనెలా అద్దె అడుగుతుంది,
అదీ డాలర్లలో.
డాలరు ఏ పొద్దున ఏ మెట్టు మీద కూర్చుంటుందో
ఈ ఊరి పిల్లులకి కూడా తెలీదు.
ఇంటికి అద్దె కడతాను, సరే.
కుంచెకి కూడానా?
ఒక నెల తప్పితే నా ఓడలకి వాళ్ళ తాళమా?

రెండోది ముప్పై రోజులు ఉచితమంది.
పన్నెండు రాత్రులు కూర్చుని
పొగమంచులో రేవు గీసి దాచబోతే
నీళ్ళ నడిబొడ్డున
వాళ్ళ పేరు అడ్డంగా తేలింది,
తుడిచినా పోని నూనె తెట్టులా.

మూడోదానికి ఒక్కసారి కడితే చాలు.
ఆ ఒక్కసారి అంటే
చలికాలం బూట్లు, రెండు గ్యాసు బండలు.
మూడు వందల కుంచెలున్నాయట అందులో.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.
నాకు తెలిసినవి రెండే:
ఒకటి సన్నం, ఒకటి లావు.

చివరికి యాస్నా ఊరికే వచ్చేది ఒకటి ఎక్కించింది.
ఎవరెవరో, ఎక్కడెక్కడో,
ఉద్యోగాలయ్యాక రాత్రుళ్ళు కూర్చుని రాసి
వదిలేశారట.
ఊరికే వచ్చిందాన్ని నేను నమ్మను.
"మెలిక ఎక్కడుంది?" అన్నాను.
ఆ పిల్ల మాట్లాడకుండా కిటికీలోంచి చూపించింది.

ఎదురు కొండ మీద రేకుల ఇళ్ళు.
మా నాన్న రోజుల్లో ఓడలకి వేయగా
డబ్బా అడుగున మిగిలింది తెచ్చుకుని
గోడలకి పూసుకున్నారు రేవు కూలీలు.
మా ఇల్లు సగం పసుపు, సగం ఆకుపచ్చ.
పసుపు అక్కడిదాకే వచ్చింది మరి.

అలాగని ఇదేం బంగారం కాదు.
లావు కుంచె పట్టగానే పాత ల్యాప్‌టాప్
తాడుబండి మోటారులా రొప్పుతుంది.
గీత నా చెయ్యి కన్నా అరక్షణం వెనక నడుస్తుంది,
మోకాళ్ళు పట్టేసిన మనిషి మెట్లెక్కినట్టు.
రెండుసార్లు చెప్పకుండా మూసుకుపోయింది.
తిట్టాను. మళ్ళీ తెరిచాను.

నిన్న దాన్ని టికెట్టు గదికే తెచ్చాను.
ఓడ సగందాకా పసుపు పూసేసరికి
కింద బండి గంట మోగింది, పైన చినుకు మొదలైంది.
కప్పు ఇంకా ఆ మూల కారుతూనే ఉంది.
తడవదని చెప్పిన పిల్లని తలుచుకుని
ల్యాప్‌టాప్ మీద గొడుగు విప్పి పెట్టి
నేను తడుస్తూ
టికెట్టు కొట్టడానికి లేచాను.