తుండుగుడ్డ కింద

గల్లాపెట్టె పక్కన నాదో నిఘంటువు ఉంది,
అట్ట ఊడింది, ‘ఎక్స్’ పేజీలు చెదలు తిన్నాయి.
బి.ఏ. తప్పిన ఏడు ఏటుకూరు రోడ్డులో
పాతకాగితాల కొట్టాయన తూకానికి ఇచ్చాడు, కిలోంబావు.
బేరాల్లేని మధ్యాహ్నాల్లో
మిరప ఘాటుకి కారే కళ్ళతో
మాటల పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటాను.

ప్లాటంటే మొదట్లో వట్టి నేలచెక్కేనట.
తర్వాత ఆ చెక్కకి గీసిన పటం.
పటం మీదికి వంగిన తలల గుసగుస
ఆ తర్వాతెప్పుడో.
ఇంగ్లీషువాడికి ఇందుకు వందల ఏళ్ళు పట్టింది.
మా బావమరిది వీరరాఘవులికి ఒక్క ఎండాకాలం చాలింది:
నంబూరు డొంక పక్కన తెల్లరాళ్ళు పాతి
ఒకే చెక్క ముగ్గురికి రాశాడు.

స్కీమంటే గ్రీకులో ఆకారం.
మా వీధిలో నెలకి వెయ్యి కట్టే చీటీ.
పాడుకున్న రాత్రి చీటీ ఆవిడ ఇల్లు ఖాళీ,
ఆకారం కూడా మిగల్లేదు.

మన మాటలేం తక్కువ తినలేదు.
పన్నాగంలో వల పన్నిన చప్పుడుంది,
ఎత్తుగడలో చదరంగపు గుర్రం.
గూడుపుఠాణీ ఎక్కడ పుట్టిందో ఎవర్నడిగినా చెప్పరు,
దాని గుణమే అంత.
కుట్ర అన్నప్పుడల్లా నాకు సూదీ దారం కనిపిస్తాయి.
పండితులు ఒప్పుకోరనుకోండి.

ఒక్క మాట దగ్గర వేలు ఆగిపోయింది.
కాన్‌స్పిరసీ: లాటిన్‌లో
కలిసి ఊపిరి పీల్చడం.
అంతే.

ఫిబ్రవరి. యార్డంతా ఎరుపు.
తెల్లారకముందే మా షావుకారూ ఇద్దరు కొనుగోలుదార్లూ
తుండుగుడ్డ కింద చేతులు కలిపారు.
మాటల్లేవు. వేళ్ళే.
ఒకటి నొక్కి, రెండు మడిచి,
తేజ రకం క్వింటాలుకి పద్నాలుగొందలు దించేశారు.

క్రోసూరు యలమంద రాత్రంతా
తన టిక్కీల మీదే పడుకున్నాడు.
తాలుకాయ ఏరి ఏరి వేళ్ళు మండి
నీళ్ళ డబ్బాలో ముంచుకుంటున్నాడు.

గాలి తిరిగింది.
తుండుగుడ్డ ముగ్గురూ ఒక్కసారే దగ్గారు.
యలమంద దగ్గాడు.
గోతాలు కుట్టే మస్తానమ్మ, దబ్బనం పళ్ళ మధ్య పెట్టుకుని,
కొంగులోకి దగ్గింది.
ఒకటే గాలి, అన్ని ఛాతీల్లోకీ.

అయితే ఇందులో మేమంతా ఉన్నట్టేనా?
నిఘంటువులో అంతవరకూ రాయలేదు.

“ఎంత పడిందయ్యా?” అన్నాడు యలమంద.

ఊపిరి బిగబట్టాను.
బిగబట్టే, అంకె వేశాను.