తొడిమ

ఫిబ్రవరి వచ్చిందంటే
చుట్టుగుంట దాటాక గాలి ఎర్రబడుతుంది.
మా బళ్ళో హాజరు వేసేది నేను కాదు, తుమ్ము.
ఒకడు మొదలెడితే
వరసాగ్గా నలభై మందీ పలుకుతారు.

ఆ తుముల మధ్యే ఐదో తరగతికి
ఎ, యాన్ చెప్పాలి.
బోర్డు మీద రెండు గళ్ళు గీశాను.
ఈ గడిలో పిల్లి, బంతి, కుర్చీ.
ఆ గడిలో ఏనుగు, గొడుగు, గుడ్డు, బొమ్మలతో సహా.
"ఇంగ్లీషు మాట అచ్చుతో మొదలైతే యాన్,
హల్లుతో అయితే ఎ.
ఇంతే, ఇందులో ఏముంది?" అన్నాను.
ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను.

నాగుల్ మీరా లేచాడు.
"ఎ యెలిఫెంట్ టీచర్."
కాదురా, యాన్.
"ఎ యెగ్."
యాన్ రా నాయనా.
"ఎ వొరేంజ్."

కోపం గొంతు దాకా వచ్చి ఆగింది.
యెలక, యేరు, యెండ, వొళ్ళు, వొక్కటి...
వీడి నాలుక మీదికి ఏ అచ్చూ ఒంటరిగా రాదు.
యకారమో వకారమో
వేలు పట్టుకుని తీసుకొస్తుంది.
సూత్రం వాడికి వచ్చేసింది.
ఏనుగే తేడా.
ఆ మాటకొస్తే, యాన్ యాన్ అని మొత్తుకునే నేను
ముందు య లేకుండా ఒక్కసారైనా అన్నానా?

"కంటితో కాదు, చెవితో చూడండి" అని
అవర్ రాశాను.
హెచ్ ఉందా? ఉంది.
రాతలో ఉంటుంది, పిలిస్తే పలకదు. అందుకని యాన్.
వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు:
"మన నాగుల్ మీరా లాగా టీచర్!
రిజిస్టర్లో ఉంటాడు, సీజన్లో పలకడు."
అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.
పోయినేడు ముప్పై నాలుగు రోజులు
యార్డులో టిక్కీల మీద నంబర్లేశాడు వాడు.
రోజూ ఆ పేరు దగ్గర కాసేపు ఆగి
తర్వాతి పేరుకి వెళ్ళేదాన్ని.

ఎ అంటే ఒక అని చెప్పడం తేలికే.
మరి మనం ఒక అని ఎక్కడంటాం?
గుమ్మంలో కుక్క పడుకుంది.
టీ తాగొచ్చాను.
లారీ వస్తోంది, పక్కకి జరగండి.
ఏ కుక్క, ఎన్ని టీలు, ఎవరూ అడగరు.
అవసరం పడితేనే ఒకటి బయటికి తీస్తాం,
కొంగుముడిలో చిల్లరలాగా.

కెజియా చెయ్యెత్తింది.
ఆదివారాలు అమ్మ వెంట పనికెళ్ళి
సోమవారం పెన్ను రెండు వేళ్ళ కొసలతో పట్టుకునే పిల్ల.
"మా అమ్మ కోల్డ్ స్టోరేజీ కాడ
పొద్దుగూకులూ తొడిమలు తీస్తది టీచర్.
తొడిమ లేని కాయకే రేటంట.
మీరేమో ప్రతిదానికీ తొడిమ పెట్టమంటారు."

"తొడిమ ఉంటే నిలవుంటుందమ్మా" అన్నాను.
కాయ సంగతి చెప్పానో మాట సంగతి చెప్పానో
నాకే తెలీలేదు.
బెల్లు కొట్టారు, బతికిపోయాను.

ఇంట్లోవాళ్ళ గురించి రాసుకు రమ్మన్నాను.
సోమవారం పుస్తకాలొచ్చాయి.
మై ఫాదర్ ఈజ్ ఎ హమాలీ. ఇవి పదకొండు.
మై ఫాదర్ ఈజ్ యాన్ ఆటో.
యాన్ సరిగ్గానే పెట్టాడు,
నాన్ననే దిద్దాల్సొచ్చింది.
నాగుల్ మీరా పుస్తకం రాలేదు.
యార్డులోకి కొత్త సరుకు దిగిందట.

కెజియా ఒకే ఒక్క వాక్యం రాసింది.
మై మదర్ ఈజ్ యాన్ అమ్మ.

అ అచ్చే కదా.
నేను చెప్పిన సూత్రం ప్రకారం
వేలెత్తి చూపడానికి లేదు.
ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు అలాగే కూర్చున్నాను.
యాన్ పక్కన కాగితం మీద
కారం వేలిముద్ర.
దగ్గరికి వంగి చూడబోతే
తుమ్మొచ్చింది.