ఒక కాగితం తక్కువ

కేప్ బ్రెటన్‌లో మార్చి వస్తే చలి పోదు.
తీరానికి కొట్టుకొచ్చిన మంచు పలకలు
ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు
లైబ్రరీ కిటికీ దాకా వినిపిస్తుంది.
మూతపడ్డ బొగ్గుగని వెనక వీధిలో మా లైబ్రరీ.
పైకప్పు కారే చోట ఒక బకెట్,
బకెట్ పక్కన
"మాకు నచ్చినవి" అని రాసిన అర.

అక్కడ ప్రతి పుస్తకం నడుముకీ పసుపు చీటీ.
మర్డీనా అక్షరాలు చేతికుట్టులా దగ్గర దగ్గరగా ఉంటాయి:
"ఇది వాన పడుతున్నప్పుడే చదవండి.
ఎండ కాస్తే మూసేయండి,
మళ్ళీ వానకి తెరవండి."
మా ఊళ్ళో ఆ పుస్తకం అరలో కనపడిన రోజే లేదు.

సినిమాల వైపు లాక్లన్.
ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.
"చివరి పది నిమిషాలు చూడకండి,
కుక్క బతికే ఉందనుకుని పడుకోండి"
అని రాశాడోసారి డిస్కు మీద.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే యూజెనీ
దాన్ని బల్ల మీద విసిరినంత పని చేసి,
"చూడొద్దని నువ్వు రాయకపోతే
ఎప్పుడో నిద్రపోయేదాన్ని కదా!" అంది.
రెండు వారాలు మొహం చూపించలేదు.
మూడో వారం వచ్చి
"కుక్కలు లేనిదేదైనా ఉంటే ఇవ్వు" అంది.

నేను వాపసు పెట్టె ఖాళీ చేసే మనిషిని.
పుస్తకాల మధ్య జనం మరిచిపోయినవి నాకు దొరుకుతాయి:
బస్సు టికెట్లు, ఇస్పేటు రాణి,
పుట్టబోయే బిడ్డ స్కానింగ్ బొమ్మ,
ఒకసారి వేయించిన పంది మాంసం ముక్క.
"నీ చీటీ ఏదీ?" అంటుంది మర్డీనా ఏటా.
నచ్చిన పుస్తకం పేరు చెప్పడమంటే
డాక్టరు ముందు చొక్కా విప్పి కూర్చోవడమే.
నవ్వి తప్పించుకునేవాణ్ణి.

జనవరిలో నీలం అట్ట పుస్తకం ఒకటి తిరిగొచ్చింది.
లైట్‌హౌస్ కాపలాదారు కథ.
మధ్యలో ఒక కాగితం లేదు, బ్లేడుతో కోసినంత నున్నగా.
నూట పదో పేజీ చివర
"ఆమె తలుపు తీసి, అతని చేతిలో" అని ఉంది.
నూట పదమూడు మొదట్లో
"అని అతను ఎవరికీ చెప్పలేదు."
రూలు ప్రకారం అది చిత్తుపెట్టెలోకి పోవాలి.
నేను చీటీ రాశాను, నా మొదటి చీటీ:
"ఇందులో ఒక కాగితం లేదు.
అక్కడేం జరిగిందో తెలిస్తే రాసిపెట్టండి.
తెలియకపోయినా రాసిపెట్టండి."

మొదట ఓ బడిపిల్లవాడు: "బతికున్న చేప పెట్టింది."
తర్వాత మందుల బిల్లు వెనక
పాత గని కార్మికుడు రోరీ వంకర రాత:
"దీపం పెట్టింది.
నేను మొదటిసారి కిందికి దిగిన రోజు
మా అమ్మ పెట్టినట్టే. వత్తి సరిచేసి మరీ."
యూజెనీ ఒక్క ముక్కలో తేల్చేసింది:
"ఏం పెట్టలేదు. తలుపేసుకుంది. మంచిపని చేసింది."
ఇంకెవరో
సరిగ్గా ఆ పేజీ కొలతకి కత్తిరించిన తెల్లకాగితం ఉంచారు.
దాని మీద చుక్క సిరా లేదు.
దాన్ని తీయబుద్ధి కాలేదు నాకు.

పుస్తకమంటే ఆవలించే లాక్లన్ కూడా తీసుకెళ్ళాడు.
తిరిగిచ్చినప్పుడు
కథ చెప్పలేదు, ముగింపు చెప్పలేదు,
బకెట్ నిండిందని తీసుకెళ్ళి పారబోసొచ్చాడు.

నిన్న మర్డీనా హాలిఫాక్స్ నుంచి
అన్ని పేజీలూ ఉన్న ప్రతి తెప్పించి
నా కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది.
కోటు విప్పకుండా, నిలబడే చదివాను
ఆ రెండు పేజీలూ.
రాసినాయన తప్పేం లేదు.
కానీ రోరీ వాళ్ళమ్మ ఆయనకి తెలీదు కదా.

ఈ ఉదయం షిఫ్టు దిగి, చేపల వాసనతో సహా
యూజెనీ బల్ల మీదికి వంగింది.
"చూశావట?"
"చూశాను."
"ఏముంది?"
చెప్పలేదు.
కాసేపు నా మొహంలోకి చూసి,
"కుక్క ఉందా?"
"లేదు."
"అయితే నాకు మన పాతదే ఇవ్వు మళ్ళీ," అంది,
"ఆ రోజు తలుపేసుకుందని రాశాను గానీ,
తర్వాత తీసి ఉంటుంది."