కోసుకున్నాడా, కోసిందా

మంగళవారం సాయంత్రం ఏడింటికి,
గాల్వే జిల్లాలో ఒక చిన్న ఊరు, చర్చి వెనక హాలు.
హీటరు వేస్తే కాలిన దుమ్ము వాసన.
ఇంగ్లీషు నేర్పే పని అట్రాక్టా టీచరుది,
టీ కాచే పని నాది.

బోర్డు మీద ఆమె ఒక మనిషిని గీసింది.
అతని చేతిలోంచి బయల్దేరిన బాణం
గిర్రున తిరిగొచ్చి అతని ఛాతీకే తగిలింది.
"ఇలా ఇంటికి తిరిగొస్తేనే సెల్ఫ్," అంది.
"రాకపోతే వాడకండి."

స్తెఫానియా అద్దంలో తనను తాను చూసుకుంది.
త్సెగాయ్ తనకు తానే గంజి కాచుకున్నాడు.
ఇద్దరికీ చెరో రైట్ మార్కు.
వెనక వరసలో జోసియెల్ ఏమీ రాయలేదు,
కుడిచేతి కట్టు కిందినుంచి
పసుపుపచ్చ మందు మరక తొంగిచూస్తోంది.

టీచరుకి బ్యాంకువాళ్ళ మీద కోపం.
"ఏదైనా సందేహముంటే మైసెల్ఫ్‌ని అడగండి" అని
ఉత్తరాలు రాస్తారట.
"మీ అనే చిన్నమాట పలకడానికి వాళ్ళకి నామోషీ,
దానికి కోటు తొడిగి పంపిస్తారు."
నాకు లోపల్లోపల నవ్వొచ్చింది.
నేను మీ అంటే ఎదుటివాళ్ళది,
ఆమె మీ అంటే తననే.

"మా ఊళ్ళో ఒకటుంది, పరీక్షలో మాత్రం రాయకండి.
‘హిమ్‌సెల్ఫ్ ఇంట్లో ఉన్నాడా?’ అంటారు.
ఇంటాయన అని అర్థం. బాణం లేదు, పాడూ లేదు."
మా అమ్మమ్మ గుర్తొచ్చింది.
అరవయ్యేళ్ళ కాపురంలో
ఒక్కసారీ పేరెత్తకుండా, వట్టి ‘ఆయన’తో
మనిషి మొత్తాన్నీ పిలిచింది.

అప్పుడు లేచాడు జోసియెల్.
జేబులోంచి నాలుగు మడతల కాగితం.
మాంసం ఫ్యాక్టరీ, మూడో లైను, ప్రమాద నివేదిక.
‘పనివాడు తనను తాను కోసుకున్నాడు.’
కింద సంతకానికి ఖాళీ గీత.
శుక్రవారంలోగా ఇచ్చెయ్యమన్నాడట హిమ్‌సెల్ఫ్,
వాళ్ళ మేనేజరుకి అక్కడ అదే పేరు.

"టీచర్, ఇది కరెక్టేనా?"
ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.
"వ్యాకరణం కరెక్టే."
"మరి బాణం?"

ఎడంచేత్తో సుద్దముక్క తీసుకున్నాడు.
గుండ్రంగా ఒక బ్లేడు గీశాడు.
దాని మీద ఉండాల్సిన మూతని చుక్కలతో గీశాడు,
జులైలో విరిగింది, ఇంకా రాలేదు.
బెల్టు ఒక్కసారి ఎగిరిపడింది.
బాణం బ్లేడు దగ్గర బయల్దేరి
అతని బొటనవేలి దాకా వచ్చి
అక్కడే ఆగింది.
తిరగలేదు.

కెటిల్ కుయ్యిమంటున్నా నేను కదల్లేదు.
మన కొనుకి ఎంత చిన్న తోక,
కప్పుకో, దులుపుకో, సర్దుకో,
ఎంత మెత్తగా అతుక్కుంటుంది!
కోసుకున్నాడు అంటే నేరం వేలిది.
పోనీ, తెగింది అందామా?
ఎవరిదీ కాదు, వానలా దానంతటదే.
రెండిట్లో ఏదైనా
యజమానికి హాయిగా నిద్రపడుతుంది.

అట్రాక్టా చాలాసేపు బోర్డునే చూసింది.
మనిషినీ, తిరిగొచ్చే బాణాన్నీ
చేత్తోనే తుడిచేసింది, డస్టరు పక్కనే ఉన్నా.
పెన్ను మూత తీసి, కాగితం మీద
తనను తాను అన్న రెండు మాటలూ కొట్టేసింది.
"ఇక నువ్వు రాయి. నేను చెప్పను."

అతను రాశాడు.
బ్లేడు నన్ను కోసింది. మూత లేదు.
కోటు లేని చిన్న మీ,
ఎడంచేతి రాతలో కొంచెం పక్కకి ఒరిగి.
జోసియెల్ అన్న సంతకంలో మొదటి అక్షరం
చేపల గాలంలా వంగింది.

బిస్కెట్లు ఎవరూ ముట్టుకోలేదు.
త్సెగాయ్ కోటు పట్టుకుంటే
కట్టు తగలకుండా చెయ్యి దూర్చాడు జోసియెల్.
తలుపు దగ్గర ఆగి, కాగితం ఊపుతూ,
"ఐ రోట్ ఇట్ మైసెల్ఫ్" అన్నాడు.

టీచరు నావైపు చూసింది.
ఆ పాఠం వచ్చే వారానిది.