తీగ నెంబరు

కూర్చోమ్మే శైలూ, ముందు ఆ ఫ్యాను నిలిపెయ్,
గసగసాలంత పూసలు, గాలికే పారిపోతాయి.
తీర్థకట్ట వీధిలో ఈ మేడమీది గదిలో
పందొమ్మిదేళ్లుగా గుచ్చతా ఉండా.
రంగులు ఎవరైనా ఏరతారు.
తీగ ఏరేది నేర్పిస్తా, రా.

ఇదిగో, ఈ చుట్ట మీద ఇరవై అని ఉండాది,
దీని మీద ఇరవయ్యారు.
ఏది సన్నం?
తప్పు. అందరూ అట్లే చెప్తారు.
నెంబరు పెరిగే కొద్దీ తీగ చిక్కిపోతాది.
ఇరవై, కమ్మల కొక్కేలకి.
ఇరవయ్యారు, రాయి చుట్టూ అల్లేదానికి.

పూస బెజ్జం వెలుతురుకి పెట్టి
ఒక కన్ను మూసి చూడు.
తీగ వదులైతే పూస ఊగతాది,
ఊగి ఊగి కోస్తాది.
రాయిపూస బెజ్జం అంచు బ్లేడే అనుకో.
ముత్యానికి మాత్రం తీగ వద్దు, పట్టుదారం,
ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి.
తెగినా ఒకటే రాలాల.

రాగి మెత్తన, చెప్పిన మాట వింటాది.
అదే దాని రోగం.
వంచు. నిటారుగా తియ్. మళ్లీ వంచు.
చూస్తివా, బిగుసుకుంటా ఉండాది.
ఇంకో నాలుగుసార్లకి టిక్కుమంటాది.

నాకిదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలా.
సుగుణావతి వల్ల తెలిసింది.

కొండబస్సు కండక్టరు ఆమె.
ఎర్రగాజుపూసల దండ, అరవైయొకటి,
రాగితీగ మీద గుచ్చిస్తి,
మెరస్తాదని, చవగ్గా దొరికిందని.
మెడలో టికెట్ మిషను పట్టీ ఉంటాది కదా,
అది నేను చూళ్లా.
తెల్లారుజాము నుంచి పట్టీ రాసుకుంటా,
చెమటకి రాగి పచ్చబడతా,
మలుపు మలుపుకీ ఒంగతా, నిగుడుతా.

దిగేటప్పుడు తెగిందంట, ఏ మలుపులోనో.
పూసలు డ్రైవరు కాళ్ల దాకా దొర్లినాయంట.
బస్సంతా కొత్తగుండ్లు, చందనం ఆరనివి,
ఏరేదానికి సీట్ల కిందికి వంగితే
గుండూ గుండూ గుద్దుకున్నాయంట.
ఒక పెద్దాయన ఒక్కో పూసనీ
కళ్లకద్దుకొని ఇచ్చినాడంట,
ఏ సాములోరి మాలో అనుకోని.
గాజువి సార్, డజను ఇరవై రూపాయలు
అని చెప్పేదానికి ఆమెకి నోరు రాలా.

చిల్లర సంచిలో పోసుకొని నా దగ్గరికొచ్చింది.
కోప్పడలా. అదే నాకు మండింది.
లెక్కపెడితే అరవై.
కొత్తది ఒకటి వేస్తానంటే వద్దనింది,
"అది బస్సులోనే తిరగనీ అక్కా,
నాకు వారానికొక సెలవుండాది, దానికి అదీ లేదు."

ఆ వారమే ఈ తీగ తెప్పిస్తి చెన్నై నుంచి.
ఏడు ఉక్కుపోగుల మెలి, పైన నైలాన్ తొడుగు.
వంచి వదులు, తనంతట తానే నిగుడుతాది.
దీనికి ముడి నిలవదు, జారతాది.
ఈ గొట్టంపూసలో రెండు కొసలూ దూర్చి
పట్టుకారుతో నొక్కాల,
నలిగేట్టు కాదు, పట్టుకునేట్టు.
కొసన ఒక పూసంత వదులుంచు.
బిర్రుగా లాగితే దండ
పుల్ల మాదిరి నిలబడతాది, మెడ మీద కూర్చోదు.

ఇప్పుడు ఎవరొచ్చినా
ఏం రంగమ్మా అని అడగను ముందు,
ఏం పని చేస్తావమ్మా అంటా.
పూలగంప మోసేదా, బ్యాంకులో కూర్చునేదా,
చంకలో బిడ్డ ఉందా, ఆ బిడ్డ చెయ్యి యాడుంటాది?
సంబంధం చూసేదాన్ని చూసినట్టు చూస్తారు నన్ను.
చూడనీ.

మొన్న అలిపిరిలో బస్సెక్కినా, ఆమే.
అక్కా అని నవ్వింది.
నేను మొహం చూళ్లా, ముందు కొక్కెం చూస్తి.
గట్టిగానే ఉండాది.
తర్వాత, ఊరికే,
సీటు కింద చూస్తి.

సరే, కట్టరు తీసుకో.
కొలతకన్నా జానెడు ఎక్కువే కొయ్.